ఆదివారం సంతకానికి ఆర్డర్ ఎక్కడుంది?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా ఆదోని వైపు ఒక పల్లె. పోయిన ఎండాకాలం తాగేందుకు నీళ్లు లేక ఊరంతా ఖాళీ బిందెలు పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాం. ముందు వరసలో ఉన్నాడని మా తమ్ముడి మీద, ఇంకో ఐదుగురి మీద కేసు పెట్టారు. తర్వాత తహసీల్దార్ ఆఫీసుకు పిలిపించి, లక్ష రూపాయలకు బైండోవర్ అని సంతకం చేయించారు. ఇప్పుడు రౌడీషీట్ తెరిచామంటున్నారు. ప్రతి ఆదివారం స్టేషన్‌కు పోయి సంతకం పెట్టాలట. పెద్ద నాయకులు ఈ వైపు వస్తున్నారంటే తెల్లారకముందే తీసుకెళ్లి సాయంత్రం దాకా కూర్చోబెడతారు. వాడు దొరక్కపోతే 67 ఏళ్ల మా నాన్నను రమ్మంటారు. సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, గుంటూరు పోవాలి, పోతే ఏం చేస్తారోనని ఇంట్లో అందరికీ టెన్షన్. మేమేం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇంత జరిగినా మీ చేతికి వచ్చిన కాగితం ఎఫ్ఐఆర్ కాపీ ఒక్కటే. మిగతాదంతా నోటిమాట. ‘ఏమప్పా, ఆదివారం వచ్చి సంతకం పెట్టిపో’ అని ఒక కానిస్టేబుల్ అంటే సరిపోయింది, మీ తమ్ముడు పోయాడు. తప్పు మీది కాదు. భయపడిన ఇంట్లో ఎవరైనా అదే చేస్తారు.

ముందు అసలు కేసు చూద్దాం. మీరు పంపిన కాపీలో ఉన్నవి భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు 126(2), 285, 223. మొదటిది అడ్డగించడం, నెల రోజుల వరకు సాధారణ జైలు లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. రెండోది దారికి ఆటంకం కలిగించడం, దానికి జరిమానా మాత్రమే. మూడోది అధికారి ఉత్తర్వును ఉల్లంఘించడం. దీన్ని కోర్టు స్వీకరించాలంటే ఆ ఉత్తర్వు ఇచ్చిన అధికారో, ఆయన పైఅధికారో స్వయంగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పోలీసు చార్జిషీట్ ఒక్కటే చాలదు. ఈ కేసుకు మరీ భయపడకండి. వాయిదాలకు పోతే చాలు.

నాకు పెద్దదిగా కనిపించేది కోర్టు బయట జరుగుతున్నది. నేరం రుజువు కాలేదు, ఈ హాజరు సంగతి జడ్జి ముందుకే రాలేదు, శిక్ష మాత్రం వారం వారం నడుస్తోంది. ఒక కుర్రాణ్ణి ప్రతి ఆదివారం స్టేషన్ అరుగు మీద కూర్చోబెడితే, వచ్చే ఎండాకాలం ఎవరూ బిందె పట్టుకుని బయటికి రారు. ఇది పాత పద్ధతే. సీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1911 నేరస్త తెగల చట్టం కింద కొన్ని కులాల వాళ్లను పుట్టుకతోనే నేరస్తులని రాసుకుని హాజరు వేయించేవారు. ఆ చట్టం 1952లో రద్దయింది. హాజరు వేయించే అలవాటు ఇంకా పోలేదు.

బైండోవర్, అంటే గొడవ చేయనని పూచీకత్తు రాయించుకోవడం, దాని సంగతికొస్తాను. ఒకప్పుడు మన ఫ్యాక్షన్ ఊళ్లలో రెండు వర్గాలనూ పిలిపించి పూచీకత్తు రాయించుకోవడం కొంత పనికొచ్చింది, కాదనను. కానీ దానికీ ఒక పద్ధతి ఉంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 126 (పాత సీఆర్పీసీలో 107) కింద అయితే, ముందు తహసీల్దార్ సెక్షన్ 130 ప్రకారం రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. తనకు అందిన సమాచారం ఏమిటి, ఎంత మొత్తానికి, ఎంత కాలానికి, జామీనుదారులు ఎంతమంది అనేది అందులో ఉండాలి. తర్వాత విచారణ జరగాలి, మీ తమ్ముడి మాట వినాలి. విచారణ మొదలుకాకుండానే మధ్యంతర బాండ్ రాయించుకోకూడదని సుప్రీంకోర్టు మధు లిమాయే కేసులో 1970లోనే చెప్పింది. విచారణ ఆరు నెలల్లో పూర్తికాకపోతే, ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప ప్రొసీడింగ్స్ వాటంతటవే ముగిసిపోతాయి. ఈ సెక్షన్ కింద బాండ్ ఏడాదికి మించకూడదు. మొత్తం కూడా మనిషి తాహతుకు మించి ఉండకూడదు. సుగ్గికి పోయే కూలీకి లక్ష రూపాయలు ఏ లెక్క? ఆ డబ్బు ఇప్పుడు కట్టేది కాదనుకోండి, బాండ్ షరతు తప్పితేనే అడుగుతారు. ఉత్తర్వు నకలు కోసం వెంటనే తహసీల్దార్ ఆఫీసులో అర్జీ పెట్టండి. దాని మీద సెషన్స్ కోర్టుకు అప్పీలు ఉంది, గడువు ముప్పై రోజులు. గడువు దాటిపోతే ఆలస్యానికి కారణం చెబుతూ పిటిషన్ జత చేయాలి.

ఆ బైండోవర్ సంతకాన్ని నేను తేలిగ్గా తీసుకోకపోవడానికి ఇంకో కారణం ఉంది. పోలీసు శాఖ లోపలి నిబంధనలైన స్టాండింగ్ ఆర్డర్లలో 601వ దాని ప్రకారం ఎవరి మీద రౌడీషీట్ తెరవొచ్చో చెప్పే జాబితాలో బైండోవర్ అయినవాళ్లూ ఉన్నారు. అంటే అక్కడ పెట్టించుకున్న సంతకాన్నే ఇక్కడ కారణంగా చూపిస్తారు. అందుకే బైండోవర్‌ను కోర్టులో ప్రశ్నించకుండా రౌడీషీట్ ఒక్కదాని మీద పోట్లాడితే సగం పనే అవుతుంది.

అదే ఆర్డర్‌లో ముఖ్యమైన మాట ‘అలవాటుగా’. శాంతిభద్రతలకు భంగం కలిగించే నేరాలు అలవాటుగా చేసేవాళ్లు ఆ జాబితాలో మొదట ఉంటారు. అనంతపురం జిల్లా బ్రహ్మసముద్రం స్టేషన్ మీద వచ్చిన కేసులో 1997లో హైకోర్టు చర్చించింది కూడా ఈ మాటనే. ఒక్క రాస్తారోకో అలవాటు ఎలా అవుతుంది? పైగా షీట్ తెరవడం ఎస్సై సొంత నిర్ణయం కాదు, డీఎస్పీ లేదా ఎస్పీ ఆర్డర్ ఉండాలి. అదీ ఆ ఏడాది డిసెంబర్ 31 వరకే. కొనసాగించాలంటే మళ్లీ పైఅధికారి ఆర్డర్ కావాలి. షీట్ ఎప్పుడు, ఎవరి ఆర్డర్‌తో, ఏ కారణం మీద తెరిచారో చెప్పమని ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి, రశీదు దాచుకోండి. 2022లో మన హైకోర్టు సింగిల్ జడ్జి ఒకరు ఇంకా ముందుకు వెళ్లి, చట్టబలం లేని స్టాండింగ్ ఆర్డర్లతో రౌడీషీట్లు నడపడం కుదరదన్నారు. దాని మీదే ఆధారపడకుండా, ‘అలవాటు’ వాదననే ముందు పెట్టమని మీ వకీలుకు చెప్పండి.

షీట్ ఉన్నా, ఆదివారం సంతకానికి వేరే ఆధారం కావాలి. బెయిల్ షరతుగా కోర్టు పెడితే తప్పకుండా పోవాలి. మీ తమ్ముడికి అలాంటి షరతు లేదు కదా. మళ్లీ పిలిస్తే గొడవ పడవద్దు. ‘నోటీసు ఇవ్వండి సార్, వస్తాను’ అంటే చాలు. నోటీసు ఇస్తే మాత్రం తప్పక పోవాలి. ఫోన్లో పిలిస్తే తేదీ, టైమ్, పిలిచినవారి హోదా ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ నోట్‌బుక్ తర్వాత నాలాంటి వకీలుకు బంగారం.

నాయకుల పర్యటన రోజు కూర్చోబెట్టడం అదే సురక్షా సంహిత సెక్షన్ 170 కింద అరెస్టు అంటారేమో. పోలీసులు పట్టుకోదగ్గ నేరం చేయబోతున్నాడని తెలిసి, ఇంకో విధంగా ఆపలేమనుకున్నప్పుడే అది వాడాలి. ఆ అరెస్టుకు 24 గంటలు మించకూడదు, కారణం చెప్పాలి, ఇంట్లో వాళ్లకు తెలియజేయాలి. అరెస్టు కాదంటే, లేచి ఇంటికి వచ్చే హక్కు ఉంది. తెల్లారకముందే తలుపు కొట్టడం గురించి: పోలీసులు రాత్రిపూట ఇళ్లకు వచ్చి చూసుకునే నిబంధనను సుప్రీంకోర్టు 1962లోనే ఖరక్ సింగ్ కేసులో కొట్టేసింది. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టి, ఫుటేజీ కనీసం ఏడాదైనా ఉంచాలని 2020 డిసెంబర్‌లో ఆదేశించింది. ఏ రోజు ఎన్ని గంటలు కూర్చోబెట్టారో రాసి, ఆ ఫుటేజీ భద్రపరచమని ఎస్పీకి పెట్టే అర్జీలోనే అడగండి.

మీ నాన్నగారు నిందితుడు కాదు. సాక్షిగా పిలవాలన్నా 60 దాటిన మగవారిని, ఏ వయసు ఆడవారినైనా ఆ సంహితలోని సెక్షన్ 179 ప్రకారం ఇంటి దగ్గరే విచారించాలి. ఆయన పోనక్కర్లేదు, మీరూ పోనక్కర్లేదు.

ఎస్పీ నుంచి జవాబు రాకపోతే హైకోర్టులో రిట్ వేయాలి. ఖర్చుకు భయపడకండి. మహిళగా మీకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. తమ్ముడి పేరున అడగాలంటే, ఎస్సీ, ఎస్టీ కాకపోతే, ఆదాయం వివరాలు చూపాలి. కర్నూలు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ఇక గుంటూరు. ఊరు విడవకూడదని ఏ కోర్టూ చెప్పలేదు కాబట్టి తమ్ముణ్ణి పంపండి. కేసు వాయిదా తేదీ, వకీలు ఫోన్ నంబర్ జేబులో పెట్టి పంపండి. ఎస్పీకి పెట్టే అర్జీ మీద మాత్రం బస్సెక్కకముందే సంతకం చేయించుకోండి.