జీవశాస్త్రమా, గణితమా: అమ్మాయి ఏది వదులుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి బయోటెక్నాలజీ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. జీవకణంలో జరిగే చర్యల సమాచారాన్ని గణిత నమూనాలతో కలిపే పని నేర్చుకుంటానంటోంది. రెంటికీ చెడ్డ రేవడి అవుతుందేమోనని భయంగా ఉంది. దానికంటే ఆరు నెలల ఏఐ కోర్సు మేలు కాదా? రెండూ పోల్చి చెప్పండి. - ఒక తండ్రి

జవాబు: ఈ భయం నాకు కొత్త కాదు. రెండు శాస్త్రాల మధ్య నిలబడితే ఎవరూ తమవారిగా చూడరని చాలామంది తల్లిదండ్రులు దిగులుపడతారు. మీ అమ్మాయి ఎంచుకున్న పనికి అలా నిలబడగలవారే కావాలి.

ఒక్క చర్యను చూడండి. హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ గ్లూకోజును గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. జీవకణ చర్యలను నమోదుచేసే రియాక్టోమ్ డేటాబేస్ నుంచి ఈ చర్యను బయోపాక్స్ అనే ఫార్మాట్‌లో తీసుకుంటే ఇందులో ఏ అణువులు పాల్గొంటాయో తెలుస్తుంది, ఎంత వేగంగా జరుగుతుందో తెలియదు. ఆ వేగానికి సమీకరణం, గణిత నమూనాలు రాసే మరో ఫార్మాటైన ఎస్‌బీఎంఎల్‌లో రాసిన నమూనాలో ఉంటుంది. కానీ అక్కడ గ్లూకోజు పేరు ఉత్త ‘ఎస్1’ కావచ్చు. కెగ్ అనే మరో డేటాబేస్‌లో అదే గ్లూకోజు గుర్తింపు సంఖ్య సి00031. ఈ మూడూ ఒకటేనని ఎవరో ఒకరు గుర్తించి జత చేయాలి. ఒకచోట గాఢత మిల్లీమోలార్‌లో, మరోచోట మైక్రోమోలార్‌లో ఉంటే వెయ్యి రెట్ల తేడా వస్తుంది. అయినా ప్రోగ్రామ్ ఆగదు, గ్రాఫు అందంగానే గీస్తుంది. జీవశాస్త్రం తెలియనివారికి అందులో తప్పు కనబడదు, గణితం రానివారికి దాన్ని దిద్దడం చేతకాదు.

ఇక మీరు మెచ్చిన ఏఐ కోర్సు. ఆ విద్య మీద నాకు గౌరవం ఉంది, ఆరు నెలల పొట్టి కోర్సుల మీదే నమ్మకం లేదు. చాలావాటిలో ముందే శుభ్రం చేసిన పట్టికలు చేతికిచ్చి, నాలుగు ఆదేశాలు నడిపించి, ధ్రువపత్రం ఇస్తారు. ఆ పట్టిక ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు ఏ ప్రమాణాల్లో కొలిచారో అడిగే అలవాటు నేర్పరు. పైగా ఫలితాన్ని సరిగ్గా ఊహించినంత మాత్రాన కణం ఎందుకు అలా ప్రవర్తించిందో తెలిసినట్టు కాదు. ఫార్మాట్లు మార్చే ప్రోగ్రాములు ఇప్పటికే ఉన్నాయి, రేపు ఇంకా మెరుగవుతాయి. అవి కలిపినది సరైనదో కాదో తేల్చడానికి అప్పుడూ మనిషి కావాలి. కోర్సులో చేర్చాలనే అనుకుంటే పాఠ్యాంశాల్లో గణాంకశాస్త్రం, అవకలన సమీకరణాలు ఉన్నాయో లేదో ముందు చూడండి.

ఇక్కడ కుదించి ఇచ్చిన మీ ఉత్తరంలో జీతం ప్రస్తావన మూడుసార్లు వచ్చింది. అమ్మాయికి ఏది చదివితే ఆకలి కూడా గుర్తుండదో ఒక్కసారీ రాయలేదు. అడిగారా అసలు? అడగకుండా ఫీజు కట్టేయడం బాధ్యత అనిపించుకోదు. ఈ రంగంలో ఉద్యోగాలు తక్కువే, మంచివాటికి పీజీ, తరచుగా పరిశోధన కూడా కావాలి. ఆ మాట దాచను. కానీ ఆమె నేర్చుకునే ప్రోగ్రామింగ్, మోడలింగ్ ఔషధ పరిశోధనలోనూ, డేటా ఉద్యోగాల్లోనూ పనికొస్తాయి. దారి మూసుకుపోదు, ధైర్యంగా ఉండండి.

డబ్బు కట్టేముందు రెండు నెలలు ఆమెకు వదిలేయండి. ఇలాంటి గణిత నమూనాలను భద్రపరిచే బయోమోడల్స్ డేటాబేస్ నుంచి ఒక చిన్న నమూనాను తీసుకుని, కోపాసీ అనే సాఫ్ట్‌వేర్‌లో నడిపి, ఆ నమూనా వెలువడిన పరిశోధన పత్రంలోని గ్రాఫును తిరిగి రాబట్టమనండి. రెండూ ఉచితమే. తర్వాత అందులోని ప్రతి పదార్థానికీ రసాయనాల డేటాబేస్ అయిన చెబీలోని గుర్తింపు సంఖ్యను, ప్రతి ప్రొటీనుకూ ప్రొటీన్ల డేటాబేస్ అయిన యూనిప్రాట్‌లోని సంఖ్యను తానే వెతికి జోడించాలి. పేర్లు కుదరని చోట విసుగొస్తుందో, పట్టుదల పెరుగుతుందో ఆమెకే తెలుస్తుంది. గ్రాఫు వచ్చిన రోజు మీరు పక్కన కూర్చుని, అదేమిటో చెప్పించుకోండి. కోర్సు సంగతి ఆ తర్వాత నాకు మళ్లీ రాయండి.