ఆ పన్నే కారణమని తేలాకే చెయ్యి వెయ్యి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. టెక్కలిలో సొంతంగా పళ్ళ క్లినిక్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే మనసు నిండిపోయింది. ఆ రాత్రే గుబులూ పట్టుకుంది. కుర్చీ, కంప్రెసర్, ఆటోక్లేవ్, ఎక్స్‌రే మిషను నువ్వే చూసుకోగలవు. నా గుబులంతా "అమ్మా, ఈ పన్ను పీకేయండి" అని వేలు పెట్టి చూపిస్తూ లోపలికొచ్చే మనిషి గురించి.

ఆ వేలు చూపేది నొప్పి తెలుస్తున్న చోటు. పుట్టిన చోటు వేరే ఉండొచ్చు. పళ్ళు, చిగుళ్ళు, సైనస్‌లు, దవడ కీలు, నమిలే కండరాలు, ముఖం మీది చర్మం, అన్నిటి కబురూ ట్రైజెమినల్ నాడి గుండానే పోతుంది. ఆ నాడి కేంద్రకం మెదడు కాండం నుంచి మెడ పైభాగం దాకా దిగి ఉంటుంది. మెడ నరాల కబురూ అక్కడే కలుస్తుంది. అందుకే మెదడు చిరునామా పొరబడుతుంది.

ముందు పన్నునే అనుమానించు. ఎక్కువమందిలో దోషం అక్కడే ఉంటుంది. చల్లనీళ్ళకి జివ్వుమని, తీసేయగానే పోతే పల్ప్, అంటే పన్ను లోపలి నరాలున్న మెత్తటి కణజాలం, ఇంకా బతికించుకోదగ్గదే. చల్లదనం తీసేసినా సలుపు నిమిషాల తరబడి నిలిచినా, రాత్రి పడుకోగానే పోటు లేచినా, వేడి టీకి ఎక్కువైనా అది కోలుకోదు. ఐస్ పెట్టి చూసేటప్పుడు ముందు అవతలివైపు అదే పన్నుకు పెట్టు, ఆ మనిషికి మామూలు ఎంతో తెలుస్తుంది. పల్ప్ నొప్పి ఉన్నవాళ్ళు ఏ పన్నో సరిగా చెప్పలేరు. కింది పన్ను నొప్పి పైపన్నులో ఉన్నట్టు చెబుతారు. కానీ అది నడిమి గీత దాటి అవతలివైపుకు పోదు. వాపు వేరు చివరకు చేరాక మాత్రం అద్దం పిడితో తట్టగానే "ఇదే" అంటారు. కొరికి వదిలేటప్పుడు సూదిలా గుచ్చితే పగులు అనుకో. ఎక్స్‌రేలో అది సాధారణంగా కనిపించదు. ఒక్కొక్క మొనమీద విడివిడిగా కొరికించి చూడాలి. పన్ను తీసిన మూడు నాలుగు రోజులకి చెవిదాకా లాగే నొప్పి వస్తే డ్రై సాకెట్, అంటే పన్ను గుంటలో గడ్డకట్టిన నెత్తురు ఊడి ఎముక బయటపడడం. కడిగి మందు పెట్టు, యాంటీబయాటిక్ రాసి పంపేయకు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. మన వృత్తిలో పాత తప్పు ఇది, ఇప్పటికీ జరుగుతోంది. ట్రైజెమినల్ న్యూరాల్జియాకి, అంటే ఇందాక చెప్పిన నాడి నొప్పి జబ్బుకి, పళ్ళు పీకడం. ఏభై దాటిన మనిషి, ఎక్కువగా ఆడవాళ్ళు, చెంప పట్టుకుని వస్తారు. కరెంటు కొట్టినట్టు ఒక్కపక్క కొడుతుంది. క్షణం నుంచి రెండు నిమిషాల లోపే ఆగిపోతుంది, మళ్ళీ కొడుతుంది. ముఖం కడిగినా, బ్రష్ చేసినా, నమిలినా, ఫ్యాన్ గాలి తగిలినా వస్తుంది. నమిలితే వస్తోంది కనక అది పన్నే అని వాళ్ళు నమ్ముతారు. అదే వరసలో ఒక పుచ్చుపన్ను ఉంటే నువ్వూ నమ్ముతావు.

పరీక్షలు కూడా నిన్ను మోసం చేస్తాయి. తట్టి చూస్తే ఆ తాకిడికే పోటు లేస్తుంది, పన్ను దొరికిందనుకుంటావు. లిగ్నోకైన్ మత్తుసూది ఇస్తే నొప్పి ఆగుతుంది, రుజువైందనుకుంటావు. పోటును రేపే చోటు మొద్దుబారితే పోటు ఆగడం సహజం, దాంతో పన్ను నేరం రుజువు కాదు. తీరా పీకాక కొన్ని వారాలు నెమ్మదిస్తుంది. ఈ జబ్బు తనంతట తనే కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ మొదలయ్యే రకం. తిరగబెట్టినప్పుడు "పక్క పన్నేమో" అంటారు. అలా ఒకవైపు దవడంతా ఖాళీ అయినవాళ్ళున్నారు. నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. పైగా పీకినచోట నరం దెబ్బతిని ఎడతెగని మంట కొత్తగా చేరొచ్చు.

కాబట్టి పెదవి అంచున, ముక్కు పక్కన దూదితో మెత్తగా రాయి. దానికే పోటు వస్తే పన్ను పీకే ఫోర్సెప్స్ కింద పెట్టు. రాత్రి నిద్ర ఎలా ఉందో అడుగు. పల్ప్ నొప్పి నిద్రలేపుతుంది, ఇది చాలామందికి నిద్రలో శాంతిస్తుంది. మందు కార్బమాజెపైన్, 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లతో మొదలై మెల్లగా పెరుగుతుంది. దాన్ని న్యూరాలజిస్టు చూపులోనే నడిపించు. రక్తకణాలు, కాలేయం, సోడియం చూడాలి. ఒంటిమీద దద్దు కనిపించిన రోజే ఆపెయ్యమని ఇంట్లోవాళ్ళకీ చెప్పు. హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 జన్యురకం ఉన్న ఆసియా వాళ్ళలో చర్మం ఊడిపోయే ప్రతిచర్య ప్రమాదం ఎక్కువ. ఎంఆర్‌ఐ అందరికీ కావాలి. చాలామందిలో రక్తనాళం నరం మీద ఒత్తుతూ ఉంటుంది. వయసు నలభై లోపైనా, రెండువైపులా ఉన్నా, చెంప తిమ్మిరెక్కినా మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల పొర చెడే జబ్బు గానీ కణితి గానీ కావచ్చు, ఆలస్యం చేయకు.

మిగతావి త్వరగా చెబుతాను. సైనస్ పట్టినప్పుడు పైదవడ వెనక పళ్ళు రెండు మూడు కలిసి నొస్తాయి, తల వంచితే బరువెక్కుతుంది. దవడ కండరం నొప్పి కింది దంతాల్లోకీ, కణత కండరం నొప్పి పైపళ్ళలోకీ పాకుతుంది. కండరాన్ని వేలితో కిలో బరువుపాటి ఒత్తిడితో నొక్కి "మీకు రోజూ వచ్చే నొప్పి ఇదేనా" అని అడుగు. నోరు తెరిచే కొలత రాసుకో. 40 మిల్లీమీటర్లకు తగ్గితే ఎందుకో వెతుకు. నొప్పిలేకుండా కీలు టిక్కుమన్నంత మాత్రాన వైద్యం అక్కర్లేదు. నాలుక మంట అని ముట్లు ఆగిన ఆడవాళ్ళు వస్తారు, నోట్లో ఏమీ కనిపించదు. ఇనుము, బి12, థైరాయిడ్, చక్కెర చూపించు. "ఏమీ లేదు, మనసులోదే" అని మాత్రం అనకు తల్లీ. అది విని ఇంటికి పోయే మనిషి ఎంత కుమిలిపోతుందో ఆలోచించు.

మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే ముసలమ్మలు నీ దగ్గరికి తప్పకుండా వస్తారు. చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుంటారు కనక అంగిలి మీద అద్దం తిప్పి చూడనిదే ఎవర్నీ పంపకు. గుట్కా కుర్రాళ్ళు కారం తగిలితే మంట, నోరు సరిగా తెరుచుకోదు అంటారు. అది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్, నోటి లోపలి పొర బిగుసుకుపోయే జబ్బు. రెండు వారాలకీ మానని పుండు ఏదైనా బయాప్సీకి పంపు. గడ్డం తిమ్మిరిని పన్ను నొప్పిగా తీసుకోవద్దు.

రెండు నొప్పుల విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. మెట్లెక్కితే కింది దవడ పట్టేసి, కూర్చుంటే వదిలేస్తే అది గుండె. పళ్ళమీద ఏమీ దొరకదు, మత్తిచ్చినా తగ్గదు. చెమట పడుతుంటే కుర్చీలో పడుకోబెట్టి ఎక్స్‌రేలు తీయకు, 108 పిలువు. యాభై దాటినవారికి నమలగా నమలగా దవడ నొచ్చి, దువ్వెన తగిలితే తల నొస్తే కణత ధమని వాపు. చూపు పోయే లోపు స్టెరాయిడ్ పడాలి. అదే రోజు పెద్దాసుపత్రికి పంపు.

2020లో వచ్చిన అంతర్జాతీయ వర్గీకరణ ఐకాప్ ముఖనొప్పుల్ని ఆరు గుంపులు చేసింది: పళ్ళూ చుట్టుపక్కల కణజాలం, కండరాలు, దవడ కీలు, నాడులు, తలనొప్పి పోలికవి, కారణం తెలియనివి. ఆ వరసలోనే కేసు షీటు గీయించు. నొప్పి మొదలైన రోజు, ఎంతసేపు, ఏం చేస్తే వస్తుంది, నిద్ర, ఇంతకుముందు పీకించుకున్న పళ్ళు, వాడే మందులు, అన్నీ రాయి. రోగి అన్న మాట అన్నట్టే రాసుకో. పోటు, సలుపు, మంట, తిమ్మిరి వేర్వేరు దారులు చూపిస్తాయి. తేలకపోతే "ఇవాళ పీకను, వారం తర్వాత చూద్దాం" అని చెప్పు. కోపంతో వేరే క్లినిక్‌కి పోతే పోనీ, నువ్వు కంగారుపడకు.

షీటు అచ్చు వేయించే ముందు ఒక ప్రతి నాకు పంపు, చూసి దిద్దుతాను.

మీ మామయ్య