గెకో కోసం ఇంట్లో పురుగులు పెంచాలంటే మీల్‌వర్మ్‌లతో మొదలుపెట్టండి

డాలస్‌లో అపార్ట్‌మెంట్, బాబుకి ఒక లెపర్డ్ గెకో (మచ్చల బల్లి), ఒక పాక్‌మ్యాన్ కప్ప (పెద్ద నోరున్న కప్ప). వారం వారం కీచురాళ్లు కొనలేకపోతున్నాం, ఇంట్లోనే పెంచుకోవచ్చా అని అడిగారు. నిక్షేపంలా పెంచుకోవచ్చండీ. మా అమ్మాయి గెకోకి చాలా కాలంగా ఇంట్లో పెంచిన పురుగులే పెడుతున్నాం. కానీ కీచురాళ్ల జోలికి మాత్రం వెళ్లకండి. మగవి రాత్రంతా అరుస్తాయి, డబ్బా కాస్త అశ్రద్ధ చేస్తే గది కంపు కొడుతుంది, నీళ్లగిన్నె పెడితే అందులోనే పడి చస్తాయి. గెకో తినకుండా వదిలేసినవి రాత్రికి దాన్నే కొరుకుతాయి. 2010 ప్రాంతంలో ఒక వైరస్ వచ్చి అమెరికాలో పెద్ద పెద్ద కీచురాళ్ల ఫారాలే మూతపడ్డాయి. అంత సున్నితమైనవి మనకెందుకు?

మీల్‌వర్మ్‌లంటే ఒక రకం పెంకుపురుగు పిల్లలు. వీటికి అరుపు లేదు, వాసనా పెద్దగా ఉండదు. నున్నటి ప్లాస్టిక్ గోడ ఎక్కలేవు కాబట్టి డబ్బాకి మూత కూడా అక్కర్లేదు. అసలు గట్టిగా మూత పెడితేనే చెమ్మ పట్టి బూజు, మైట్స్ (కంటికి సరిగ్గా ఆనని సన్నటి పురుగులు) వస్తాయి. అడుగున రెండు మూడు అంగుళాల గోధుమ పొట్టు గానీ ఓట్స్ గానీ పోయండి. వాటికి పడకా, తిండీ రెండూ అదే. పొయ్యబోయే ముందు ఆ పొట్టుని కొన్ని రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే అందులో ముందే ఉన్న పురుగు చస్తుంది. (పిండిలో పురుగు పడితే పారేసే ఇంట్లో పురుగు కోసం పిండి పోస్తున్నారేమిటి అని మా అత్తగారు ఇప్పటికీ అంటుంటారు.) నీళ్లు పోయకూడదు. తడి కోసం క్యారెట్ ముక్కలు చాలు, మెత్తబడకముందే తీసేయాలి.

కొనేటప్పుడు మామూలు సైజువే అడగండి. 'జెయింట్' అని అమ్మేవాటికి సాధారణంగా హార్మోన్ పెట్టి ఉంటారు, అవి సరిగ్గా పెంకుపురుగులుగా మారవు. మామూలువైతే కొన్ని వారాల్లో తెల్లటి ప్యూపాలవుతాయి, అంటే పెంకుపురుగుగా మారేముందు దశ. కదలక మెదలక చచ్చినట్టే ఉంటాయి, వేలు తగిలితే మాత్రం తోక దగ్గర మెలికలు తిరుగుతాయి. వాటిని ఏరి వేరే డబ్బాలో వేయాలి, లేకపోతే మిగతావి తినేస్తాయి. అందులోంచి వచ్చే పెంకుపురుగు మొదట తెల్లగా, తర్వాత గోధుమ రంగులో ఉండి కొద్దిరోజులకి నల్లబడుతుంది. పెంకుపురుగులు గుడ్లు పెట్టాక రెండు మూడు వారాలకోసారి వాటిని కొత్త పొట్టులోకి మార్చి, పాత పొట్టుని అలాగే ఉంచండి. పిల్లలు మొదట్లో కంటికి ఆనవు, ఏమీ లేదనుకుని పారేయకండి. గుడ్డు నుంచి పెంకుపురుగు దాకా మూడు నుంచి ఐదు నెలలు పట్టవచ్చు. అంతవరకు కొనక తప్పదు.

ఏసీ ఉన్న ఇంట్లో ఉండే వేడే, అంటే 75-80 ఫారెన్‌హీట్, వీటికి సరిపోతుంది. జులైలో గరాజ్‌లో పెడితే మాత్రం మాడిపోతాయి. ఎక్కువైనవాటిని ఫ్రిజ్‌లో పెడితే ఎదుగుదల నెమ్మదిస్తుంది, వారానికోసారి బయటికి తీసి క్యారెట్ పెడితే చాలు. అడుగున చేరే సన్నటి రవ్వలాంటి రెట్టని జల్లెడ పట్టండి. వంటింటి జల్లెడ కాదు, దానికి వేరేది కొనండి. ఆ రెట్ట కరివేపాకు కుండీకి మంచి ఎరువు.

ఇక అసలు విషయం. పొట్టు మాత్రమే తిన్న పురుగులో గెకోకి కావలసిన బలం ఉండదు. పెట్టేందుకు ఒకటి రెండు రోజుల ముందు కొన్నిటిని వేరు చేసి క్యారెట్, ఆవాకు లాంటివి తినిపించండి. పురుగుల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. అందుకే గిన్నెలో కాల్షియం పొడి వేసి, పురుగుల్ని అందులో కుదిపి పెట్టాలి. ఇది మానేస్తే బల్లి ఎముకలు మెత్తబడి కాళ్లు వంకర పోతాయి. పురుగు సైజు దాని రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకుండా చూడండి.

కప్పకి మాత్రం మీల్‌వర్మ్‌లు రోజువారీ తిండిగా పనికిరావు, పైపెంకు గట్టిది. దానికి వానపాములు నయం. చేపల ఎర అమ్మే చోట నైట్‌క్రాలర్స్ అని దొరుకుతాయి, పెద్దవైతే ముక్కలు చేసి పెట్టండి. కంపోస్ట్‌లో ఉండే ఎర్ర వానపాములు వద్దు. ముట్టుకుంటే పసుపు ద్రవం వదులుతాయి, దాని రుచి పడక చాలా కప్పలు ఉమ్మేస్తాయి.