రోలర్ స్కేటింగ్ చేసే అమ్మాయి మంచు మీదకు వెళ్లవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇన్‌లైన్ స్కేటింగ్‌లో (ఒకే వరుసలో చక్రాలుండే రోలర్ స్కేటింగ్) రాష్ట్ర స్థాయికి వెళ్లింది. లాత్వియా స్కేటర్ హరాల్డ్స్ సిలోవ్స్ ఒకే రోజు రెండు ఒలింపిక్ పోటీల్లో దిగాడని చదివి, ఐస్ స్కేటింగ్ కూడా నేర్చుకుంటానంటోంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టనివ్వమంటారా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: అమ్మాయి ఎంచుకున్న మనిషి మంచివాడే. కాకపోతే కథను మధ్యలోంచి చదివినట్టుంది. రీగాలో పుట్టిన సిలోవ్స్ 2006 టురిన్ ఒలింపిక్స్‌కు షార్ట్ ట్రాక్ (చిన్న చుట్టు ఐస్ స్కేటింగ్) ఆటగాడిగానే వెళ్లాడు. 2008లో అందులో యూరప్ చాంపియన్ అయ్యాడు. 2010 ఫిబ్రవరి 13న వాంకూవర్ క్రీడల్లో మధ్యాహ్నం లాంగ్ ట్రాక్ 5000 మీటర్లు, సాయంత్రం షార్ట్ ట్రాక్ 1500 మీటర్లు పరుగెత్తాడు. అంతకుముందు ఎవరూ చేయని పని. ఫలితాలు మాత్రం 20, 10వ స్థానాలు.

ఆ రెండూ చూడటానికే ఒకటి. లాంగ్ ట్రాక్‌లో చుట్టు 400 మీటర్లు, పోరాటం గడియారంతో. అడుగు వేసినప్పుడల్లా మడమ దగ్గర బ్లేడు బూటు నుంచి విడివడుతుంది. షార్ట్ ట్రాక్‌లో చుట్టు 111 మీటర్లే. గుంపులో సందు చూసుకుని దూరాలి, బ్లేడు కదలకూడదు. అయినా తొడల బలం, వంగిన నడుము, మలుపులో ఒరిగే తీరు రెండింటికీ ఉమ్మడి ఆస్తి. ఇన్‌లైన్ వాళ్లకూ అది ఉంటుంది. ఇన్‌లైన్ నుంచి వచ్చిన బెల్జియం ఆటగాడు బార్ట్ స్వింగ్స్ 2022 ఒలింపిక్స్‌లో మాస్ స్టార్ట్ (అందరూ ఒకేసారి బయలుదేరే లాంగ్ ట్రాక్ పోటీ) స్వర్ణం గెలిచాడు. అందుకే దీన్ని రెండో పడవ అనను.

నన్ను ఆపేది మంచు. మన దేశంలో 400 మీటర్ల ఇండోర్ ఐస్ ట్రాక్ లేదు. డెహ్రాడూన్‌లోని హిమాద్రి రింక్ 2025లో తిరిగి తెరుచుకుంది. అది షార్ట్ ట్రాక్‌కు పనికొస్తుంది. ముందుగా ఫోన్ చేసి శిక్షణ వేళలు కనుక్కుని, వేసవి సెలవుల్లో కొన్నాళ్లు తీసుకువెళ్లండి. అప్పుడే ఖరీదైన బూట్లు కొనకండి, అద్దెవి చాలు.

ఇన్‌లైన్ మానిపించకండి. అది ఒలింపిక్స్‌లో లేదు, నిజమే. కానీ 2023 ఆసియా క్రీడల్లో మన అమ్మాయిలు 3000 మీటర్ల రిలేలో కాంస్యం తెచ్చారు. పాఠశాల క్రీడల ధ్రువపత్రాలు భద్రపరచండి, స్పోర్ట్స్ కోటాలో అడిగేది వాటినే. ఏ కోటాలో ఏ ఆటలున్నాయో తాజా ఉత్తర్వు చూసి నిర్ధారించుకోండి. బడి మాన్పించి అకాడమీలో వేయమని ఎవరైనా చెబితే, పదో తరగతి అయ్యేదాకా ఆ మాట ఎత్తవద్దనండి. సిలోవ్స్ 1500 మీటర్ల లాంగ్ ట్రాక్‌లో ఒలింపిక్ నాలుగో స్థానం సాధించింది 2018లో, 31 ఏళ్ల వయసులో. మీ అమ్మాయికి ఇంకా పద్నాలుగే కదా!