మాట ఎక్కడ మారిందో చూడు

అమ్మడూ,

న్యాయం నీ వైపున్నా వాదనలో నోరు మూసుకుని రావాల్సి వస్తోందని రాశావు. నీకు తెలివి తక్కువై కాదు. మధ్యలో విషయం మారిపోతోంది, ఆ కాస్సేపట్లో అది నీ దృష్టికి రావడం లేదు.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది నీ మాటను వంకరగా తిప్పి, ఆ తిప్పిన మాటను ఖండించడం. "ఈ నెల ఖర్చు కాస్త తగ్గిద్దాం" అన్నావనుకో. "అంటే తిండి కూడా మానేయమంటావా?" అంటారు. నువ్వు కంగారుపడి "అబ్బే, నేనలా అనలేదు" అని సంజాయిషీ మొదలుపెడతావు. ఇక ఖర్చుల ఊసే ఉండదు. మన పాత తర్కశాస్త్రమైన న్యాయశాస్త్రంలో ఛలం అన్నది ఇలాంటిదే. ఆ శాస్త్రానికి సూత్రాలు రాసిన గౌతముడు దాన్ని మూడు రకాలుగా చెప్పాడు. వాటిలో ఒకటి చూడు. మంచె మీద మనుషులు కేకలేస్తుంటే ఒకడు "మంచెలు కేకలేస్తున్నాయి" అంటాడు. "కర్రలు ఎక్కడైనా కేకలేస్తాయా?" అని రెండోవాడు పట్టుకుంటాడు. భావం తెలిసి కూడా అక్షరాన్ని పట్టుకోవడమన్నమాట. ఇలాంటప్పుడు సంజాయిషీ ఇవ్వకు. నువ్వు మొదట అన్న మాటనే, అవే మాటల్లో, నెమ్మదిగా మళ్లీ చెప్పు.

రెండోది, మాటను వదిలేసి మనిషి మీద పడటం. "నువ్వు మాత్రం పోయిన నెల ఫోన్ కొనలేదా?" కొన్నావు. ఒప్పేసుకో. "కొన్నాను. ఇప్పుడు ఖర్చు తగ్గించాలా వద్దా చెప్పండి" అను. అయితే మనిషి గురించి అడిగిన ప్రతిసారీ తప్పని అనుకోకు. ఒకరు కళ్లారా చూశామని చెబుతుంటే, వాళ్ల మాట ఎంతవరకు నమ్మొచ్చో చూడాల్సిందే. అక్కడ ఆధారం ఆ మనిషి ఒక్కరే కదా.

"నాతో లేకపోతే నువ్వు వాళ్ల మనిషివే" అంటే, మూడో దారి ఏముందో అడుగు. చాలాసార్లు ఉంటుంది.

కాకతాళీయం దగ్గర మాత్రం బాగా చదువుకున్నవాళ్లు కూడా పొరబడతారు. ఏదో కషాయం తాగారు, జలుబు పోయింది, కాబట్టి కషాయమే తగ్గించిందంటారు. మామూలు జలుబు ఏమీ చేయకపోయినా వారం పది రోజుల్లో పోతుంది. కషాయం తాగనివాళ్లకు ఎన్నాళ్లు పట్టిందో అడగకుండా దాని గొప్ప తేలదు. ఎవరైనా "కాబట్టి" అనగానే చెవులు రిక్కించు. దాని ముందున్నదానికీ వెనకున్నదానికీ నిజంగా లంకె ఉందా అన్నదే చూడాలి.

అరిస్టాటిల్ ఇలాంటి తప్పుడు తర్కాలు 13 రకాలని లెక్కగట్టాడు. ఆ పేర్లు నేర్చుకుని ఇంట్లోవాళ్ల మీద విసరకమ్మా, మనసులు విరుగుతాయి. ఇంకో సంగతి. వాదన తప్పయినంత మాత్రాన చెప్పిన విషయం అబద్ధం కాదు. నిజాన్ని కూడా తప్పుడు కారణంతో సమర్థించేవాళ్లుంటారు.

మొన్నటి గొడవలో ఎవరేమన్నారో గుర్తున్నంతవరకు వరసగా రాసి పంపు. నీ మాటలు కూడా దాచకుండా రాయి.

ఆశీస్సులతో,
పెద్దనాన్న