తూనీగ కళ్లు స్పష్టం, రెక్కలు మసక: పాఠకుల సందేహాలకు సమాధానాలు

ప్రశ్న: రెండేళ్లుగా సరదాగా ప్రకృతి ఫొటోలు తీస్తున్నాను. ఇటీవల చిన్న వస్తువులను బాగా దగ్గర నుంచి పెద్దగా తీసే 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ చేతికి వచ్చింది. తూనీగను ఎదురుగా తీస్తే కళ్లు స్పష్టంగానే వస్తున్నాయి గానీ రెక్కల మొదళ్ల దగ్గర నుంచే అంతా మసకబారుతోంది. అపర్చర్‌ను, అంటే లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/22 వరకు తగ్గించి చూస్తే (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) కళ్లలో ఉన్న స్పష్టత కూడా పోయింది. దీనికి ఫోకస్ స్టాకింగ్, అంటే ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన చాలా ఫ్రేములను ఒకే చిత్రంగా కలపడం, ఒక్కటే మార్గమా? ఎలా మొదలుపెట్టాలో దయచేసి వివరించగలరు.

జవాబు: మీ లెన్స్‌లో గానీ మీ చేతిలో గానీ లోపమేమీ లేదు. వస్తువు ఎంత ఉందో సెన్సర్ మీద దాని ప్రతిబింబమూ అంతే పరిమాణంలో పడే స్థితిని 1:1 అంటాం. 36 × 24 మిల్లీమీటర్ల సెన్సర్ ఉన్న కెమెరాతో ఆ స్థితిలో ఎఫ్/8 దగ్గర తీస్తే, స్పష్టంగా కనిపించే పొర మందం సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే. తూనీగ తల ఒక్కటే అంతకు కొన్ని రెట్లు ఉంటుంది కాబట్టి మిగిలిన శరీరం మసకబారడంలో ఆశ్చర్యం లేదు. ఇక ఎఫ్/22 సంగతి. 1:1 స్థితిలో లెన్స్ మీద కనిపించే అంకె దాదాపు రెట్టింపైనట్టు పనిచేస్తుంది, అంటే మీ ఎఫ్/22 నిజానికి ఎఫ్/44తో సమానం. అంత సన్నని రంధ్రం గుండా వచ్చే కాంతి అంచుల దగ్గర వంగి చెదిరిపోతుంది. దీన్నే వివర్తనం అంటారు. ఫోకస్‌లో ఉండే లోతు పెరిగిన మాట నిజమే అయినా, అన్ని చోట్లా సమానంగా పదును తగ్గిన లోతు అది.

అయితే స్టాకింగ్ కంటే ముందు నేర్చుకోవలసింది మరొకటి ఉంది, చాలామంది దాన్ని దాటవేస్తారు. తూనీగను ఎదురుగా కాకుండా పక్క నుంచి, దాని శరీరం పొడవు మీ సెన్సర్‌కు సమాంతరంగా ఉండేలా చూసి తీయండి. రెక్కలు మూసి వాలిన సీతాకోకచిలుక అయితే ఒక్క ఫ్రేములోనే రెక్క మొత్తం స్పష్టంగా వస్తుంది. కెమెరాను రెండు మూడు డిగ్రీలు తిప్పడంతో తీరిపోయే సమస్యకు ఇరవై ఫ్రేములు ఖర్చు చేయనక్కరలేదు.

ఎదురు నుంచి చూసే చూపే కావాలనుకున్నప్పుడు స్టాకింగ్ తప్పదు. దాన్ని పురుగు మీద కాకుండా ఇంట్లో బల్ల మీద పెట్టిన ఎండు విత్తనకాయ మీద మొదలుపెట్టండి, ఎందుకంటే అది కదలదు, తప్పు ఎక్కడ జరిగిందో మీకు తెలుస్తుంది. ఎఫ్/5.6, ఎఫ్/8ల మధ్య ఉండండి. ఎక్స్‌పోజర్ (సెన్సర్‌కు అందే వెలుగు), ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి), వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతుల్యం) మూడింటినీ మాన్యువల్‌లో స్థిరపరచి, ఆటోఫోకస్ ఆపేయండి, లేకపోతే ఫ్రేముకూ ఫ్రేముకూ వెలుగు మారి కలిపినప్పుడు చారలు పడతాయి. ప్రతి ఫ్రేములోని స్పష్టమైన పొర దాని ముందు పొరను కనీసం మూడో వంతైనా కప్పాలి. ఎఫ్/8 దగ్గర అరమిల్లీమీటరు చొప్పున జరుపుతూ పోతే, 6 మిల్లీమీటర్ల లోతున్న వస్తువుకు 13 ఫ్రేములు సరిపోతాయి. 1:1 వరకు ఫోకస్ రింగ్ తిప్పి తీయవచ్చు. అంతకు మించిన మాగ్నిఫికేషన్‌లో కెమెరానే ముందుకు జరిపే ఫోకస్ రైల్ నమ్మకమైనది. మీ కెమెరాలో ఫోకస్ బ్రాకెటింగ్ సదుపాయం ఉంటే ఈ జరపడమంతా అదే చేసిపెడుతుంది.

మొదటి ఫ్రేమును వస్తువు కొసకు కాస్త ముందు నుంచి ప్రారంభించండి. ఎక్కువైన ఫ్రేములను తర్వాత తీసేయవచ్చు, కానీ మధ్యలో తప్పిపోయిన ఒక్క పొరను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి ఇవ్వలేదు, అది బొమ్మ మీద అడ్డంగా మసక పట్టీలా కనిపిస్తుంది. అలాగే వస్తువు ముగిసిన చోటే ఆగిపోండి, వెనకాల ఉన్న ఆకులనూ స్టాక్‌లో కలిపితే నేపథ్యంలోని మెత్తదనం పోతుంది.

ప్రశ్న: సాలీడును 40 ఫ్రేముల్లో తీసి కలిపాను. కళ్లు అద్భుతంగా వచ్చాయి, కానీ కాళ్ల మీది వెంట్రుకల చుట్టూ తెల్లని మసక వలయాలు ఏర్పడ్డాయి. కారణం ఏమిటి?

జవాబు: ముందున్న వెంట్రుక ఫోకస్‌లో లేని ఫ్రేములలో అది పలచని పొగలా వెడల్పయి, వెనకున్న భాగాన్ని కప్పేస్తుంది. ఆ భాగం ఏ ఫ్రేములోనూ శుభ్రంగా నమోదు కాకపోవడంతో సాఫ్ట్‌వేర్ ఆ పొగనే తీసుకుంటుంది. ఫ్రేములను కలిపే సాఫ్ట్‌వేర్లయిన జీరిన్ స్టాకర్‌లో పీమ్యాక్స్ పద్ధతి, హెలికాన్ ఫోకస్‌లో సి పద్ధతి ఒకదానిమీద ఒకటి పడిన వెంట్రుకలను బాగా విడదీస్తాయి, కాకపోతే నాయిస్‌ను (చిత్రంలో చుక్కలుగా కనిపించే గరుకును), కాంట్రాస్ట్‌ను (వెలుగునీడల తేడాను) పెంచుతాయి. ఏ భాగం ఏ ఫ్రేములో స్పష్టంగా ఉందో చూసి లోతుల పటం గీసుకుని కలిపే డెప్త్ మ్యాప్ పద్ధతులు రంగులను, నునుపును కాపాడినా అంచుల దగ్గర వలయాలు మిగులుస్తాయి. అందుకే రెండు విధాలా కలిపి, డెప్త్ మ్యాప్ ఫలితం మీద వెంట్రుకలున్న చోట మాత్రం పీమ్యాక్స్ ఫలితాన్ని బ్రష్‌తో పూయడం మేలు. ఒక్కో కాలికి పావుగంట పట్టినా విసుగు చెందకండి. ఒకదాన్నొకటి దాటే రెండు వెంట్రుకలలో ఏది ముందో, ఏది వెనకో కంటికి తెలిసినప్పుడే ఆ కాలు నిజమైన కాలులా కనిపిస్తుంది.

ప్రశ్న: తేనెటీగ కదలకుండా ఉండాలంటే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీయవచ్చని మిత్రుడొకరు చెప్పారు. ఇది సరైనదేనా?

జవాబు: దయచేసి అలా చేయకండి. చలికి బిగుసుకుపోయిన జీవి కాళ్లు ముడుచుకుని, తల వంచుకుని అసహజంగా కనిపిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఒక చిత్రం కోసం ప్రాణిని బాధపెట్టే హక్కు మనకు లేదు. మీరు కోరుకునే నిశ్చలతను తెల్లవారుజామే ఇస్తుంది. పురుగుల చురుకుదనం చుట్టూ ఉన్న వేడి మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, సూర్యుడు ఎక్కేదాకా అవి దాదాపు కదలవు. ఒంటరిగా జీవించే తేనెటీగలలో కొన్ని జాతులు గడ్డిపరకను దవడలతో కరచిపట్టుకుని, కాళ్లు గాలిలో వదిలేసి నిద్రపోతాయి. అలాంటిదాన్ని చూసినప్పుడు ఆ పరకను తాకకుండా, పక్కన వేరే పుల్ల గుచ్చి ట్రైపాడ్ దూరం సరిచూసుకోండి. గాలి ఆగిన క్షణాల్లోనే షట్టర్ నొక్కండి. ఎండ తగిలి మీసాలు కదలడం మొదలైతే స్టాక్‌ను అక్కడితో ఆపేసి వెనక్కి జరగండి. అప్పటికి తీసిన ఫ్రేముల్లో కళ్లూ దవడలూ పూర్తిగా ఉంటే వాటిని మాత్రమే కలిపి, పొట్టభాగాన్ని మసకగానే ఉండనివ్వండి.