ఫ్రొమాంతాన్ ‘దొమినిక్’: కథ చెప్పేది ఎవరు?

నమస్కారమండీ. ‘దొమినిక్’ నవల తొలి అధ్యాయాలలోని ‘నేను’ ఎవరో తెలియక ఆగిపోయానని, రచయిత యూజెన్ ఫ్రొమాంతాన్, ఎడారి చిత్రకారుడు ఫ్రొమాంతాన్ ఒక్కరేనా అని అడిగారు. ఇద్దరూ ఒక్కరే. 1820లో ఫ్రాన్స్‌లోని లా రొషెల్‌లో పుట్టి, అల్జీరియా దృశ్యాలను చిత్రించి పేరు తెచ్చుకుని, 1876లో కన్నుమూసిన ఆయన జీవితమంతటిలో రాసిన నవల ఇదొక్కటే. 1862లో పత్రికలో ధారావాహికగా వచ్చి, మరుసటి ఏడు పుస్తకమై, ఫ్రెంచ్ నవలా రచయిత్రి జార్జ్ సాండ్‌కు అంకితమైంది.

తొలి అధ్యాయాలలోని ‘నేను’ పేరు లేని ఒక పరిచయస్థుడు మాత్రమే; ఆయన కంటికి దొమినిక్ భార్యాపిల్లలతో, ద్రాక్షతోటలతో నెమ్మదిగా బతుకుతున్న గ్రామీణ భూస్వామి. మిత్రుడు ఒలివియే ఆత్మహత్యాయత్నం తరువాతే దొమినిక్ నోరు విప్పుతాడు. అక్కడి నుంచి ‘నేను’ అంటే దొమినిక్, చెప్పేది పెళ్ళయిన మాడెలెన్‌పై అతని ప్రేమ. కాబట్టి ఆ మొదటి పేజీలను దాటవేయకండి. పాత గది గోడల నిండా అతను ఒకప్పుడు గీసుకున్న తేదీలు, పద్యపాదాలు అక్కడే కనిపిస్తాయి. దాచుకున్న యౌవనమంతా ఆ గీతల్లోనే ఉంది, నాకు నవలలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

ఫ్రొమాంతాన్ యౌవనంలో ప్రేమించిన వివాహిత 1844లో మరణించింది; నవలలో మాడెలెన్ మరణించదు. అందువల్ల దీన్ని అచ్చమైన ఆత్మకథగా చదవవద్దని నా మనవి. చిత్రకారుడి చూపు మాత్రం లా రొషెల్ పరిసరాల శరదృతువు వర్ణనల్లో అడుగడుగునా తెలుస్తుంది.